రౌండబౌట్ దగ్గర ఎడమ చేయి

"చెయ్యి తియ్యి" అన్నాడు మా ఆయన.

శుక్రవారం. నేను మా రూములో స్టవ్ ముందు నిలబడి అలసందల కూర తిప్పుతున్నాను. అన్నవాడు నేను చెయ్యి తీసేదాకా ఆగాడా? ఆగలేదు. గరిటె లాక్కుని రెండుసార్లు తిప్పి, "అడుగంటుతాండాది, అగుపడలేదా నీకు?" అని మళ్లీ దాన్ని నా చేతిలోనే పెట్టి, పోయి మంచం మీద కూర్చున్నాడు. కూర అడుగంటలేదు. అంటబోవడమూ లేదు. పుట్టింట్లో పదిమందికి వండిన దాన్ని. పద్నాలుగేళ్లుగా ఈయనకి వండి పెడుతున్నాను. ఇక్కడ పొద్దున ఐదింటి నుంచి మేడం వాళ్ల కుటుంబానికి వండుతున్నాను. అయినా ఆయన చెయ్యి ఒకసారి పడితేగానీ నా కూర మీద ఆయనకి నమ్మకం కుదరదు.

ఒక్క కూరేనా? ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే "ఇటియ్యి, నేను మాట్లాడ్తా" అని తీసుకుంటాడు. తాళం తియ్యబోతే "నీకు రాదు" అని తీసుకుంటాడు. బతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు కలం నా చేతిలోనే ఉంటుంది, ఆయన వేలు మాత్రం నా వేలు మీద ఉంటుంది. కోపంతో కాదు, అది చెప్పాలి. మా ఆయన నన్ను ఒక్కనాడూ కొట్టలేదు. ఊరికే తీసుకుంటాడు, అంతే.

ఆయన పేరు ఖాదర్‌వలి. నా పేరు జైనబీ. మాది రాయచోటి పక్కన పల్లె. ఇక్కడ మస్కట్‌లో, అల్ హైల్‌లో, ఒక ఒమానీ వాళ్లింట్లో ఆయన డ్రైవరు, నేను ఇంటిపని మనిషిని. ఆయన వచ్చి తొమ్మిదేళ్లు, నేను వచ్చి ఆరేళ్లు. ఇంటి వెనక గోడ వారగా మాకొక రూమ్ ఇచ్చారు. కడప నుంచి వచ్చి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు నన్ను చూసి "నీకేం తల్లీ, మొగుడు పక్కనే ఉన్నాడు" అంటారు. నిజమే, కాదనను. కానీ వాళ్లకి డ్యూటీ అయిపోతే అయిపోయినట్టే. నాకు మేడం ఇంట్లో గిన్నెలు తోమి వచ్చేసరికి రూములో గిన్నెలు ఉంటాయి. మా ఆయన ఇంటి యజమాని బాబాని అజైబా ఆఫీసు నుంచి తెచ్చి దింపి, కారు తుడిచి, తాళం మేకుకి తగిలించి, "డ్యూటీ అయిపాయ" అని కాళ్లు చాపుకుంటాడు. నా డ్యూటీ ఎప్పుడైపోతుందో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఆ శుక్రవారం ఆయన కోపం కూర మీద కాదు లెండి. ఆ బుధవారం నేను డ్రైవింగు టెస్టులో రెండోసారి ఫెయిలయ్యాను.

ఈ లైసెన్సు గొడవ మేడం మొదలుపెట్టింది. పెద్దపిల్ల మర్యమ్‌కి పద్నాలుగేళ్లు వచ్చాయి. ఇక మీదట పిల్లలిద్దర్నీ బడికి ఆడమనిషే తీసుకుపోవాలని బాబా అన్నాడు. మేడం ఉద్యోగానికి ఏడు కాకముందే వెళ్లిపోతుంది. ఒకరోజు నేను ఇస్త్రీ చేస్తుంటే వచ్చి, తనకొచ్చిన హిందీలో చెప్పింది. "జైనబ్, నాకు ఇంకొక్క వీసానే దొరుకుతుంది. ఫిబ్రవరిలో బడి తెరిచేలోపు నీకు లైసెన్సు వస్తే డ్రైవరువి నువ్వే, వంటకీ తుడుపుకీ కొత్తమనిషిని తెప్పిస్తాను. రాకపోతే డ్రైవరమ్మనే తెప్పిస్తాను. నువ్వు ఇట్లాగే ఉంటావు."

ఇట్లాగే అంటే ఎట్లాగో నాకు తెలుసు. నా చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది, ముందర బాబా మెడ నుంచి మడమల దాకా తొడుక్కునే తెల్ల దిష్‌దాషాలు పదకొండు ఉన్నాయి. మా ఇంటికి సముద్రం ఒక్క కిలోమీటరు. గాలి మళ్లితే ఆ వాసన ఆరేసిన బట్టల్లోకి వస్తుంది. ఆరేళ్లలో నేను ఆ సముద్రాన్ని చూసింది నాలుగుసార్లు. నాలుగుసార్లూ కారు వెనక సీట్లో, చిన్నపిల్ల వాంతి చేసుకుంటుందేమోనని ప్లాస్టిక్ సంచి పట్టుకుని.

ఫోనులో మా అత్త విని "ఆడదానికి కారేంటికి మే? యాడ తిరగను పోతావు?" అంది. తిరగడానికి కాదత్తా, పనికి అన్నాను. "వాడున్నాడు గదా తోలను" అంది. ఆ పక్క నుంచి నా బిడ్డ షబానా ఫోను లాక్కుని "అమ్మా, నువ్వా? నిజంగా నువ్వే తోల్తావా?" అని మూడుసార్లు అడిగింది. ఆ మూడుసార్లూ నా చెవిలో ఇప్పటికీ ఉన్నాయి.

నేర్పడానికి ఖతీజా వచ్చేది. సీబ్‌లో ఉండే బలోచీ ఒమానీ ఆమె, ఉర్దూ మనకంటే బాగా మాట్లాడుతుంది. లావుపాటి మనిషి. పక్క సీట్లో కూర్చుని ఒళ్లో సంచి పెట్టుకుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుని తింటూ ఉంటుంది. ఆమె కాలి కింద ఒక బ్రేకు ఉంటుంది. మొదటిరోజే చెప్పింది, "స్టీరింగు నీది, బ్రేకు నాది. నేను నీదాని జోలికి రాను, నువ్వు నాదాని జోలికి రాకు. యల్లా, పోనీ." నిజంగానే రాలేదు. నేను ఒకసారి చెత్తడబ్బాని గీరినా ఆమె చెయ్యి గింజల సంచి వదల్లేదు.

కానీ ఖతీజా వారానికి ఒక్క గంటే. మేడం అంతకంటే వదలదు, ఇల్లు తుడిచేదెవరు? అందుకని శుక్రవారాలు మా ఆయన నేర్పేవాడు. నేను ఆయన గుడ్డలు ఉతికి ఆరేశాక, వంట చేసి పెట్టాక, మిగిలిన పొద్దులో. మా ఇంటికి కొంత దూరంలో ఇళ్లు కట్టని గట్టి ఇసుక నేల ఉంది. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. సరుకులకి వాడే పాత కారు తీసుకుపోయి, మధ్యలో ఖాళీ పెయింటు డబ్బాలు గుండ్రంగా పేర్చి "ఇదే రౌండబౌట్" అన్నాడు. ఎండలో వంగి ఒక్కో డబ్బా సర్దుతుంటే ఆ మనిషి మీద నాకు జాలీ ప్రేమా రెండూ కలిగాయి. అబద్ధమెందుకు?

ఇక్కడ బండ్లు కుడిపక్కన పోతాయి, స్టీరింగు ఎడమపక్కన ఉంటుంది. అంతా మన ఊరికి తలకిందులు. పక్కన కూర్చున్నవాడికి స్టీరింగు అందేది ఎడమ చేయి. అట్లా నా శుక్రవారాలన్నీ మా ఆయన ఎడమ చేత్తో గడిచాయి. తిన్నగా పోయినంతసేపూ అది ఆయన మోకాలి మీద ఉంటుంది. డబ్బాల గుండ్రం దగ్గరపడగానే లేస్తుంది. "రవంత తిప్పు, రవంత... వద్దు, వద్దు, చెయ్యి తియ్యి!" అని స్టీరింగు పట్టుకుని తనే గిర్రున తిప్పేస్తాడు. కారు గుండ్రం తిరుగుతుంది, నా చేతులు గాలిలో ఉంటాయి. "చూసినావా, అట్ల!" అంటాడు. ఏం చూసేది, నా తలకాయ?

ఒక్క మాట ఒప్పుకోవాలి. నాలుగైదు వారాలకి నాకు అది హాయిగానే ఉండేది. గుండ్రం రాగానే ఆయన చూసుకుంటాడు, నాకేం భయం? ఆ చెయ్యి ఇంకా లేవకముందే నా వేళ్లు వదులయ్యేవి. కూర తిప్పేటప్పుడూ అంతేనేమో, ఆయన వచ్చి గరిటె అందుకుంటాడని నా పిడికిలి ముందే సడలుతుందేమో. ఎన్నేళ్ల నుంచి ఇట్లా ఉన్నానో లెక్క తెలియలేదు. తెలిసింది టెస్టులో.

ఇక్కడ టెస్టంటే మొదట డ్రమ్ములు. ఇనప పీపాలు నిలబెట్టి, వాటి మధ్యలోకి కారు వెనక్కి పోనిచ్చి పెట్టమంటారు. కారులో నేనొక్కదాన్నే. ఖతీజా గోడ దగ్గర నిలబడి గింజలు తింటోంది. ఒక్కసారికే పాసయ్యాను. ఏటవాలు గట్టు మీదికి కారు ఎక్కించే టెస్టూ ఒక్కసారికే. మొగవాళ్లే నాలుగైదుసార్లు తప్పుతారని అందరూ భయపెట్టారు, నేనేమో ఇంత సులువా అనుకున్నాను. అప్పుడైనా ఆలోచించాల్సింది. ఒంటరిగా ఉన్నప్పుడు నాకు అన్నీ వచ్చాయి.

రోడ్డు టెస్టుకి పక్కన పోలీసాయన కూర్చుంటాడు. మొదటిసారి రౌండబౌట్ ముందు ఆగాను. ఎడమ నుంచి వచ్చే బండ్లు పోయాయి, దారి ఖాళీ అయింది, నేను కదల్లేదు. వెనక హారన్లు. పోలీసాయన మర్యాదగానే అడిగాడు, "బహెన్, దేనికోసం చూస్తున్నావు?" నేను రోడ్డు చూడటం లేదు. ఆయన ఎడమ చేతిని చూస్తున్నాను. దాంట్లో కాగితాల అట్ట ఉంది.

రెండోసారి ఆగకుండా లోపలికి పోయాను. గుండ్రంలోకి పోగానే నా వేళ్లు వాటంతటవే వదులయ్యాయి. పట్టుకునే చెయ్యి రాలేదు. కారు తిరగకుండా తిన్నగా పక్క వరసలోకి జారింది, ఎవరో పెద్ద బండివాడు అరిచాడు, పోలీసాయన హ్యాండ్‌బ్రేకు లాగాడు. "చేతులేవి? నీ చేతులేవి?" అన్నాడు ఆయన. నా ఒళ్లో ఉన్నాయి నా చేతులు. సిగ్గుతో చచ్చిపోయాను.

తిరుగు దారిలో ఖతీజా గింజలు ఒలవడం ఆపింది. తర్వాత అడిగింది, "రౌండబౌట్ రాగానే నీ చేతులు నిద్రపోతాయి. నేనట్లా నేర్పలేదు. ఇంట్లో ఎవరు నేర్పుతున్నారు?"

"ఎవరూ లేరు" అన్నాను. మొగుణ్ణి పరాయివాళ్ల ముందు తక్కువ చేయకూడదని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నదే, నోట్లో నుంచి అదే వచ్చింది. ఆమె నమ్మలేదు. సంచిలోంచి గుప్పెడు గింజలు తీసి నా ఒళ్లో పోసింది.

ఇంటికొస్తే మా ఆయన "నీ చేతుల్లో బలం లేదు మే, నేనేం చేసేది?" అన్నాడు. మూడో టెస్టు జనవరి ఆఖరి బుధవారం. అది తప్పితే మేడం డ్రైవరమ్మ వీసాకి కాగితాలు పెడుతుంది. ఆ మాట ఆమె మళ్లీ చెప్పింది కూడా.

ఇంతలో బాబాకి కొత్త కారు వచ్చింది. దుబాయి నుంచి తెప్పించుకున్నాడు. దానికి అద్దం వెనక ఒక కెమెరా ఉందట, రోడ్డు మీద తెల్లగీతలు చూస్తుందట. కారు గీత దాటబోతే స్టీరింగు దానంతటదే తిరిగి మళ్లీ దారిలోకి లాగుతుందట. మా ఆయన విని నవ్వాడు. "బాబాకి యాపారం చేసేవోడు ఏదైనా చెప్తాడు."

టెస్టుకి ముందటి గురువారం సెలవు వస్తే అందరం షినాస్ బయల్దేరాం. అక్కడ బాబా తల్లి ఉంటుంది, సముద్రపొడ్డున పాత ఇల్లు, ఖర్జూరపు తోట. పోను మూడు గంటలు. మా ఆయన తోలుతున్నాడు, పక్కన బాబా. మధ్య సీట్లో మేడం, చిన్నపిల్ల. చివర నేనూ, మర్యమూ. బర్కా దాటాక హైవే మీద మా ముందు ఒక్క లారీ తప్ప ఏమీ లేదు. మా ఆయనకి అలవాటే, ముందు లారీ ఉంటే దాని పక్క నుంచి ఏముందో చూడ్డానికి కారుతో పాటు కొద్దిగా ఎడమకి వాలతాడు. వాలాడు. వెంటనే ఆయన భుజాలు ఉలిక్కిపడ్డం వెనక నుంచి చూశాను. స్టీరింగు ఆయన చేతుల్లో కుడికి లాగింది.

"యా అల్లా!" అన్నాడు మా ఆయన.

బాబా పగలబడి నవ్వాడు. "వలీ, నీకు కొత్త టీచరు వచ్చింది!"

తర్వాత అదే వరస. ఆయన వాలడం, అది లాగడం, ఆయన ఇంకా గట్టిగా లాగడం. మెడ నరాలు ఉబ్బి కనపడుతున్నాయి. ఒకసారి విసుగొచ్చి రెండు చేతులూ వదిలేశాడు. లాగు చూస్తా, నువ్వే తోలు అన్నట్టు. కారు రెండు క్షణాలు చూసి టింగు టింగుమని అరిచింది. ముందర ఏదో ఎర్రబొమ్మ వెలిగింది. మర్యమ్ ఒళ్లో ఆ కారు పుస్తకం ఉంది, ఊసుపోక చదువుతోంది. "చేతులు తీస్తే అరుస్తుంది వలీ" అని వెనక నుంచి పెద్దగా చెప్పింది. తర్వాత నాకు హిందీలో వివరించింది. "అది నడపదు జైనబ్. కొంచెం లాగి చెబుతుంది, అంతే. మనిషి గట్టిగా పట్టుకుని తిప్పితే వదిలేస్తుంది. మనిషి చెయ్యి తీసేస్తే అదీ మానేస్తుంది. చెయ్యి ఉండాల్సిందే."

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. ఒక యంత్రం. దానికి అమ్మ లేదు, అక్కచెల్లెళ్లు లేరు, పెళ్లాం లేదు. తోలేవాడి చెయ్యి స్టీరింగు మీద ఉండాలని దానికి ఎవరో నేర్పారు. గట్టిగా తిప్పితే వదిలెయ్యమనీ నేర్పారు. ఆ నేర్పినవాడెవడో గానీ మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుంటే బాగుండును అనుకున్నాను. సోహార్ దాటేదాకా అదే ఆలోచన.

షినాస్‌లో బాబా తల్లి గుమ్మం దగ్గరే కూర్చుని ఉంది, చేతిలో తస్బీ పూసల దండ. మా ఆయన సలాం చెయ్యగానే ఎప్పటిలాగే "వలీ, కుడిపక్కనే కదా?" అంది. ఆరేళ్లుగా వింటున్నాను, ముసలామె పలకరింపు అదే. మా ఆయన ఎప్పటిలాగే తల దించుకుని "కుడిపక్కనే అమ్మా" అన్నాడు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక గిన్నెలు తోమేసి చూస్తే ఆయన కనపడలేదు. సముద్రపొడ్డున, బోర్లించిన పడవ నీడలో కూర్చుని ఉన్నాడు. పోయి పక్కన కూర్చున్నాను.

"పదహైదేండ్ల సర్వీసు నాది" అన్నాడు నా వైపు చూడకుండా. "రాయచోటి నుంచి మదనపల్లె ఘాటుల్లో జీపు తోలినోణ్ణి. పిలకాయల ముందర, నీ ముందర, నా చేతిలో స్టీరింగు లాగుతాదా అది? నాకు తోలను రాదా? అప్పుడు తిప్పాల్నో, వదలాల్నో కూడా తెలీకపాయ."

"అవును" అన్నాను. "తెలీదు."

"నీకేం తెల్సు?"

"నాకట్లనే ఉంటాది. శుక్రవారం శుక్రవారం."

ఆయన తిరిగి చూశాడు. "నేను నీ మంచికి పట్టుకుంటా!"

"అదీ నీ మంచికే లాగింది. కాకపోతే అది నువ్వు గట్టిగా పట్టుకుంటే వదిలిపెట్టె. నువ్వు వదిలిపెట్టవు."

ఇట్లాంటి మాట నేను ఎప్పుడూ అనలేదు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. ఇసుకలో వేలితో గుండ్రం గీశాడు, చెరిపాడు, మళ్లీ గీశాడు. చెప్పడం మొదలుపెట్టాడు.

వచ్చిన మొదటి సంవత్సరం. నేను అప్పటికి ఊళ్లోనే ఉన్నాను. బాబా తల్లిని ఎక్కించుకుని ఒక్కడే వస్తున్నాడు. రౌండబౌట్ వచ్చింది. మన ఊరి అలవాటున ఎడమకి తిరిగాడు. అందరూ కుడిగా తిరిగి వస్తుంటే, ఈయన ఎదురు. నీళ్ల ట్యాంకరు ముక్కు దాకా వచ్చి ఆగింది. "దాని అద్దంలో నా మొగం అగుపడె. ఇంక అయిపాయ అనుకున్నా. షబానా అప్పుడు నాలుగేండ్ల బిడ్డ" అన్నాడు. "ఆ ముసలామె బాబాకి చెప్పలేదు. ఇంతవరకూ చెప్పలేదు. చెప్పింటే ఆపొద్దే ఇంటికి పంపించేవాడు. అప్పట్నించి రౌండ్‌బోటు అగుపడితే నా చెయ్యి నా మాట వినదు మే. నువ్వు ఎడమకి తిప్పుతావేమోనని..."

తొమ్మిదేళ్లు ఈ మాట కడుపులో పెట్టుకున్నాడు, అందులో ఆరేళ్లు నాతో ఒకే మంచం మీద పడుకుని. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ ఎడమ చేతిని పట్టుకున్నాను. చెమటగా ఉంది. పాపం, భయపడి ఉన్నాడు, నన్ను చిన్నచూపు చూసి కాదు అనుకున్నాను. అట్లా కరిగిపోయి, పోనీలే అనుకుని లేచి వచ్చేసేదాన్నే. పద్నాలుగేళ్లూ అదే చేశాను. కానీ ఒకటి అడగాలనిపించింది.

"ఆ మర్సరోజు ముసలామె యాడికైనా పోయిందా?"

"పోయింది. ఆస్పత్రికి."

"ఎవరి కార్లో?"

"నా కార్లోనే."

"నీ చెయ్యి పట్టుకునిందా?"

"లేదు" అన్నాడు. "ఎనక కూసోని తస్బీ తిప్పుకుంటాండె. కుడిపక్కనే కదా వలీ, అనె. అంతే."

"నువ్వు కుడికే తిప్పినావు."

"తిప్పినా."

అనాల్సింది అయిపోయింది.

మర్నాడు శుక్రవారం మధ్యాహ్నానికి తిరిగొచ్చాం. టెస్టుకి నడుమ ఇక నాలుగు రోజులే మిగిలాయి. సాయంత్రం పాత కారు తీసుకుని ఇసుక నేలకి పోయాం. మా ఆయన ఎక్కగానే, అడక్కుండానే, ఎడమ చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. అరె, బడిలో పంతులు శిక్షవేసిన పిల్లోడిలా ఉన్నాడే అని నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వాడు. బయల్దేరాను. డబ్బాల గుండ్రం దగ్గరపడింది. నా వేళ్లు వదులవడం మొదలైంది, అప్పుడే ఆ చెయ్యి తొడ కింద నుంచి ఊడొచ్చి స్టీరింగు పట్టుకుంది.

నేను బ్రేకు తొక్కాను. దుమ్ము లేచి మమ్మల్ని దాటిపోయింది.

"మే, తెలీకుండా..." అన్నాడు.

"తెల్సు" అన్నాను. "దిగు."

"ఏంది?"

"నీ చెయ్యి నీ మాట వినదు. నా చెయ్యి నీ చేతి కోసం చూస్తాది. రెండూ ఒక్క కార్లో ఉంటే నేను ఈ జన్మకి నేర్చుకోను. దిగి ఆడ నిలబడు. నేను పోయి వస్తా."

దిగుతాడనుకోలేదు నిజంగా. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆయన నా మొహం చూశాడు, తలుపు తీశాడు, దిగి ఇసుకలో నిలబడ్డాడు. రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కట్టుకున్నాడు, విప్పాడు, నడుం మీద పెట్టుకున్నాడు. నేను కారు ముందుకు పోనిచ్చాను. పక్క సీటు ఖాళీ. గుండ్రం రాగానే పాడు వేళ్లు మళ్లీ సడలాయి. కారు డబ్బాల మీదికి పోయింది, మూడు డబ్బాలు దొర్లిపోయాయి. "కుడికి! కుడికి!" అని మా ఆయన అరుస్తున్నాడు. ఆ అరుపుకి చేతులు లేవు కదా, నాకేమీ కాలేదు. వెనక్కి తీసి మళ్లీ వచ్చాను. నాలుగో చుట్టుకి వేళ్లు పట్టు విడవలేదు. ఆ పొద్దు పద్దెనిమిది చుట్లు తిరిగాను. ఆయన దొర్లిన డబ్బాలు ఏరి మళ్లీ పేరుస్తూనే ఉన్నాడు.

బుధవారం పోలీసాయన అదే మనిషి. నన్ను చూసి గుర్తుపట్టి నిట్టూర్చాడు. రౌండబౌట్ ముందు ఎడమపక్క చూశాను, దారి చిక్కింది, కుడికి తిరిగాను, నా వేళ్లు నా స్టీరింగు మీద ఉన్నాయి. బయటికి వచ్చాక ఆయన అట్ట మీద ఏదో రాశాడు. "చేతులు దొరికాయే!" అన్నాడు. టెస్టు గ్రౌండు దగ్గర ఖతీజా నన్ను చూడగానే నోట్లో వేళ్లు పెట్టి ఈల వేసింది. అంత లావు మనిషి ఈల వేస్తే అక్కడున్న మొగవాళ్లంతా తిరిగి చూశారు.

రాత్రికల్లా మా ఆయన ఊళ్లో అందరికీ ఫోన్లు చేశాడు. "నేనే నేర్పిచ్చినా" అన్నాడు వాళ్లమ్మతో. అననీ. నేర్పాడు కూడా, దిగి నిలబడి.

ఫిబ్రవరిలో బడి తెరిచిన మొదటిరోజు. ఆరున్నరకి పిల్లలిద్దరూ వెనక ఎక్కారు. నేను సీటు ముందుకు జరుపుకుంటుంటే మా ఆయన స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. బాబాని తీసుకుపోయేది ఎనిమిదింటికి కదా, మొదటిరోజు తోడుగా ఉంటానన్నాడు. వద్దంటే బాగుండదని ఊరుకున్నాను. బడి దారిలో ఉన్నది ఒక్క పెద్ద రౌండబౌటే. అది కనపడగానే ఎడమ చేయి మోకాలి మీద నుంచి లేచింది. జానెడు ఎత్తు లేచి గాలిలో ఆగింది. నేను కుడికి తిరిగేటప్పటికి ఆ చెయ్యి మెల్లగా, దానంతటదే, మోకాలి మీదికి దిగింది. ఆయన కిటికీ వైపు తిరిగి బిస్మిల్లా అనుకుంటున్నాడు.

పిల్లల్ని దింపి ఇంటి గేటు ముందు కారు ఆపాను.

"రేపట్నించి నువ్వు రావద్దు" అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. "ఏంటికి? నేను చెయ్యి పెట్టలేదే!"

"పెట్టలేదు. చూసినా. అది పెడ్తాదేమోనని ఒక కన్ను దాని మీదనే పెట్టి చూస్తాంటి. నాకు రెండు కండ్లూ రోడ్డు మీద కావల్ల."

ఆయన బెల్టు విప్పుకుని దిగి, తలుపు మెత్తగా వేసి, గేటు దగ్గర నిలబడ్డాడు.

మేడం పొద్దున పోతూ పోతూ చేపలు తెమ్మని చెప్పింది. మంచి చేపలు సముద్రపొడ్డునే దొరుకుతాయి, పడవలు వచ్చే వేళ అదే. నేను ఇంజను ఆపలేదు.